సీటు వెతుక్కుంటూ కరకట్ట మీద

విజయవాడ వెళ్తున్నామంటే మా అనంతపురంలో అందరూ అడిగిన మాట ఒకటే, "అమ్మవారి దర్శనానికా?" అని. కాదు, కారు సీటు చూసుకోవడానికి అని చెబితే కొందరు నవ్వారు, కొందరు నేనేదో దాస్తున్నాననుకున్నారు. దాచడానికేమీ లేదు. నేను లావు మనిషిని. పైగా పొట్టి. ఈ రెండూ కలిసిన మనిషి డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఏమవుతుందో సన్నగా ఉన్నవాళ్లకి తెలియదు. కాళ్లు పెడల్స్‌కి అందాలంటే సీటు ముందుకు జరపాలి. జరిపితే స్టీరింగ్ పొట్టకి తగులుతుంది. వెనక్కి జరిపితే పొట్టకి ఊపిరాడుతుంది గానీ కాళ్లు గాల్లో ఉంటాయి.

ఏళ్ల తరబడి ఒక పాత కారుతో ఎలాగో సర్దుకున్నాను. పోయిన వేసవిలో దాని సీటు కింద ఇనప చట్రం ఒక పక్కకి కుంగిపోయింది. మెకానిక్ చూసి, "మేడమ్, బండే ముసలిదైపోయిందిలే" అన్నాడు, నా మొహం చూడకుండా. నేను పల్లెటూరి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రోజూ వెళ్లి రావడానికి గంటన్నర పడుతుంది. మా ఆయన ప్రభాకర్‌కి చిన్నప్పటి నుంచి ఒక కన్ను కనపడదు, ఆయన బండి నేర్చుకోలేదు. కాబట్టి మా ఇంట్లో కారంటే నేను నడిపే కారు. నేను వెళ్లే దారిలో చార్జింగ్ పెట్టే చోట్లు లేవు, పెట్రోలు ఖర్చు భరించలేం. అందుకని హైబ్రిడ్ అనుకున్నాం. పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉంటుంది, ప్లగ్గు పెట్టాల్సిన పని లేదు. బ్రేకు తొక్కినప్పుడల్లా కొంచెం కరెంటు తనే దాచుకుంటుంది.

విజయవాడలో ఒక అద్దె బండ్లాయన దగ్గర రెండు రకాల హైబ్రిడ్లు ఉన్నాయని తెలిసింది. రోజుకొకటి తీసుకుని డెల్టా అంతా తిరిగి చూద్దామన్నాను. ప్రభాకర్ వెంటనే ఒప్పుకున్నారు. ఆయన సాగునీటి శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలువల బొమ్మలు గీశారు గానీ మా వైపు ఆ కాలువల్లో నీళ్లు పారింది తక్కువ. నిండుగా పారే కాలువ పక్కన ఒక రోజంతా ప్రయాణం చెయ్యాలని ఆయన కోరిక.

గవర్నర్‌పేట

డిసెంబరు మొదట్లో రైలు దిగి గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జీలో దిగాం. కిందంతా హోల్‌సేల్ దుకాణాలు, పొద్దున్నే అట్టపెట్టెలు దింపే ఆటోలు. పక్క సందులో టిఫిన్ హోటల్లో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు కాకుండా చెక్క బల్లలు కనిపించేసరికి నా ప్రాణం కుదుటపడింది. చేతులున్న కుర్చీల్లోంచి లేచేటప్పుడు కుర్చీ కూడా నాతో పాటు లేస్తుంది. పెసరట్టు ఉప్మా తెప్పించుకున్నాం. అల్లం పచ్చడి నాలుక మీద చురుక్కుమంది. బొరుగులతో చేసే మా ఉగ్గానీ, బజ్జీకి అలవాటు పడ్డ ప్రభాకర్ రెండో అట్టు కూడా తిని, "వీళ్లు పొద్దున్నే భోజనం చేసేస్తారన్నమాట" అన్నారు.

ముందు ఒక పెద్ద షోరూముకి వెళ్లాం. అక్కడి సేల్స్ అబ్బాయి చాలా మర్యాదస్తుడు. ఈ ఊళ్లో తిట్టినా చివర 'అండీ' చేరుస్తారని మాకు అప్పటికే అర్థమైంది. అతను తలుపు తెరిచి ప్రభాకర్‌తో, "కూర్చుని చూడండి సార్" అన్నాడు.

"నాకు లైసెన్సే లేదు బాబూ. నడిపేది ఆవిడ."

అతను నన్ను ఒకసారి చూశాడు. "అలాగా అండీ. వెనక సీటు కూడా చాలా విశాలంగా ఉంటుందండీ మేడమ్ గారూ" అన్నాడు.

నేను డ్రైవర్ సీట్లోనే కూర్చున్నాను. సీటు బెల్టు గుచ్చాల్సిన బకిల్ నా తుంటి కింద ఎక్కడో మాయమైంది. దాని కోసం తడుముకుంటుంటే అతను పక్కకి తిరిగి గోడ మీద పోస్టరు చదువుతున్నట్టు నిలబడ్డాడు. టెస్ట్ డ్రైవ్ అంటే వీధి చివరిదాకా వెళ్లి రావడమే. ఆ కాస్త దూరంలో ఏ సీటైనా బాగానే ఉంటుంది. అందుకే అద్దె బండి దారి పట్టాం.

బందరు రోడ్డు

మొదటి రోజు తెల్ల బండి. ఆ కంపెనీ బండ్లలో అదే ఖరీదైన రకం. సీట్లకి సన్నటి చిల్లులున్న తోలు, ఆ చిల్లుల్లోంచి వీపుకి చల్లగాలి. బటన్ నొక్కాను. చప్పుడు లేదు. లాడ్జీ వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "స్టార్ట్ అవట్లేదండీ, బ్యాటరీ పోయినట్టుంది, తొయ్యమంటారా?" అన్నాడు. అంతలో బండి మెల్లగా కదిలింది. అతను రెండడుగులు వెనక్కి వేసి నవ్వేశాడు.

కంకిపాడు దాకా హాయిగా సాగింది. రోడ్డు బాగుంది, పక్కన కాలువ నిండుగా ఉంది. ప్రభాకర్ కిటికీ దించి, "నిర్మలా, ఇది చూడు, గట్టు తెగకుండా రాళ్లు ఎలా పేర్చారో" అంటూ చిన్నపిల్లాడిలా చెబుతూనే ఉన్నారు. కోసిన పొలాల్లో అప్పుడే మినుము మొలకలు కనిపించాయి. వరి ఇంకా నిలబడి ఉండగానే దాని మధ్య మినుములు చల్లేస్తారట. ఒక పంట కొయ్యకముందే రెండో పంట వెయ్యడమా అని మేమిద్దరం ఆశ్చర్యపోయాం. మా దగ్గర ఒక పంట వేసి వాన కోసం ఆకాశం చూస్తాం.

అప్పటికే నా కుడి తొడ పక్క ఏదో మొదలైంది. ఆ ఖరీదైన సీటుకి రెండు పక్కలా గట్లలాగా ఎత్తు ఉంది. మలుపుల్లో మనిషి పక్కకి జారకుండా పట్టుకోవడానికి పెట్టారట. నాలాంటి మనిషి ఆ రెండు గట్ల మధ్య పట్టదు, వాటి మీద కూర్చుంటుంది. మొదట ఒత్తినట్టు, తర్వాత చీమలు పాకినట్టు అనిపించింది. చెబితే ఆపమంటారని చెప్పలేదు.

ఉయ్యూరు

ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు వరసగా నిలబడి ఉన్నాయి. గాలంతా పచ్చి చెరుకు వాసన, దాని వెనకే బెల్లం మాడిన వాసన. మా ముందు ట్రాక్టరు కదలడం, ఆగడం, కదలడం. అలా ఒకసారి అది ఆగినప్పుడు బ్రేకు మీద కాలు వేశాను. వేశాననే అనుకున్నాను. కాలి కింద ఏమీ తెలియలేదు. మోకాలి కింద కాలు నాది కానట్టుంది. బండి చప్పుడు చెయ్యకుండా ముందుకి పాకుతోంది. చెరుకు గడల చివర్లు అద్దం మీదికి వస్తున్నాయి.

"నిర్మలా!" అని అరిచారు ప్రభాకర్.

ఎడం కాలితో తొక్కాను. బండి ఆగింది. బానెట్ మీద చెరుకాకులు గీసుకున్న చప్పుడు తప్ప ఇంకేం జరగలేదు. ట్రాక్టరతను దిగొచ్చి బండి చూసి, గీత కూడా పడలేదని చెప్పి, నన్ను చూసి, "మంచినీళ్లు తాగండమ్మా ముందు" అన్నాడు. పక్కకి తీసి ఆపాను. దిగబోతే కాలు నిలవలేదు. చెరుకురసం బండి దగ్గరున్న ఆవిడ తను కూర్చునే బల్ల నా కిందకి లాగి, అడక్కుండానే అల్లం, నిమ్మకాయ వేసిన రసం చేతిలో పెట్టింది. మా ఊళ్లో కంటే గ్లాసు పెద్దది, ధర తక్కువ. ఆ సంగతి కూడా సాయంత్రానికి గానీ తట్టలేదు.

కాలికి రక్తం తిరిగొచ్చేదాకా ప్రభాకర్ పిక్క రుద్దుతూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "కొత్త బండి కొందాం. కానీ ఒక డ్రైవర్ని పెట్టుకుందాం."

నేను ఖాళీ గ్లాసు రసం ఆవిడకి తిరిగిచ్చాను.

బందరు

చాలాసేపు ఆగి, మధ్యమధ్యలో దిగి నడుస్తూ, మొత్తానికి బందరు చేరాం. లడ్డూ దుకాణంలో వేడి వేడిది చేతిలో పెట్టారు. బందరు లడ్డూ బూందీది కాదు. శనగపిండి పూస వండి, దాన్ని దంచి జల్లించి చేస్తారు, నోట్లో పెడితే నమలనక్కర్లేకుండా కరిగిపోతుంది.

దుకాణం అరుగు మీదే చివరికి నోరు విప్పాను. "ఏమండీ, నేను బండి ఎందుకు నేర్చుకున్నానో మీకు తెలుసా?"

"కాలేజీకి వెళ్లడానికి."

"కాలేజీకి బస్సుంది. బస్సులో నేను కూర్చుంటే పక్కన కూర్చున్నవాళ్లు నిట్టూరుస్తారు. ఏమీ అనరు, నిట్టూరుస్తారంతే. ఆ నిట్టూర్పు వినకుండా ఉండటానికి నేర్చుకున్నాను. ఇప్పుడు డ్రైవర్ని పెడితే నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తాడు. నాకది వద్దు."

ఆయన లడ్డూ పొట్లానికి దారం కట్టారు. "నాకు భయమేసింది" అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆయన ఎడం చెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకునే ఉంది.

కరకట్ట

మర్నాడు తెల్ల బండి ఇచ్చేసి నీలం బండి తీసుకున్నాం. కంపెనీ వేరు. ఇందులో తోలు లేదు, చల్లగాలి లేదు. మామూలు గుడ్డ సీటు, బల్లలాగా చదునుగా ఉంది. అద్దె బండ్లాయన, "ఇది లో మోడల్ అండీ, మీకు నచ్చదేమో" అన్నాడు. కూర్చుంటే తొడలకి గట్లు తగల్లేదు. కానీ పాత బాధే, స్టీరింగ్ పొట్టకి ఆనుతోంది.

ఈసారి కృష్ణ పక్కన కరకట్ట మీద అవనిగడ్డ వైపు బయల్దేరాం. ఒక పక్క నది, దాని మధ్య లంకల్లో అరటి తోటలు. ఇంకో పక్క కింద ఊళ్లు, ఇళ్ల కప్పులు మన కాళ్ల కింద ఉన్నట్టుంటాయి. తోట్లవల్లూరు దాటాక రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. ఒకావిడ మాకు వీపు పెట్టి కూర్చుని తాలు చెరుగుతోంది. బండికి చప్పుడు లేదు కదా, మేం వెనకే ఉన్నామని ఆమెకి తెలియదు. హారన్ కొడితే ఉలిక్కిపడుతుందని ప్రభాకర్ దిగి, "అమ్మా, కొంచెం పక్కకి" అన్నారు. ఆమె వెనక్కి తిరిగి, అంత దగ్గర్లో బండిని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇదేం బండండీ, పిల్లిలాగా వచ్చింది!"

అంతలో మా వెనక ఇంకో బండి వచ్చి ఆగింది. మా నీలం బండి లాంటిదే, రంగు మాత్రం బూడిద రంగు. అందులోంచి నాకంటే లావుగా, నాకంటే మూరెడు ఎత్తుగా ఉన్న ఒకావిడ దిగింది. జరీ అంచు తెల్ల చీర, చేతికి మసాలా వాసన. నా కిటికీలోంచి చూసి, పరిచయమైనా లేకుండా అడిగేసింది: "ఏంటమ్మా, స్టీరింగ్‌ని కౌగిలించుకుని నడుపుతున్నారు?"

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆ మాట నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. అందరూ పోస్టర్లు చదివేవాళ్లే.

ఆవిడ పేరు సువార్తమ్మ. పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ వంటలు చేయించే కాంట్రాక్టరు. ఆ రోజు నాలుగైదు ఊళ్ల అవతల చర్చిలో సెమీ క్రిస్మస్. పండక్కి ముందే డిసెంబరంతా ఈ వైపు చర్చిల్లో జరుపుకునే విందు. మాట్లాడుతుండగానే ఆవిడ ఫోన్ మోగింది. విని, "అయ్యో ప్రభువా" అంది. గిన్నెలు తీసుకొస్తున్న ట్రాలీ ఆటో వెనక మలుపులో ఇరుసు విరిగి ఆగిపోయిందట. పులావు, కోడికూర, పెరుగు పచ్చడి అన్నీ దాంట్లోనే. ఆవిడ బండి అప్పటికే గారెల బుట్టలతో, పళ్లేలతో నిండిపోయి ఉంది. సగం గిన్నెలు దాంట్లో సర్దొచ్చు. మిగతా సగం?

నేను ప్రభాకర్ వైపు చూశాను. ఆయన అప్పటికే మా బండి వెనక తలుపు తెరుస్తున్నారు.

పులావు ప్రయాణం

ఆ మలుపు దాకా వెనక్కి వెళ్లి గిన్నెలు మా బండిలోకి ఎక్కించాక సువార్తమ్మ గారు నన్ను కదలనివ్వలేదు. "ముందు మీరు సరిగ్గా కూర్చోండమ్మా. ఇలా కూర్చుని బ్రేకు తొక్కితే నా పులావంతా రోడ్డు పాలవుద్ది. నా బండిలో కూర్చుని చూడండి, నేను ఎలా పెట్టుకున్నానో."

ఆవిడ సీట్లో కూర్చున్నాను. స్టీరింగ్ ఎక్కడో దూరంగా ఉంది, పొట్టకి బోలెడు జాగా. ఆ సుఖం రెండు క్షణాలే. నా కాళ్లు పెడల్స్‌కి అందలేదు. ఆవిడ నా సీట్లో కూర్చుంటే ఆవిడ మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని కరకట్ట మీద పగలబడి నవ్వాం. లావుగా ఉన్నవాళ్లందరి లావూ ఒకటి కాదు. ఆవిడకి కుదిరింది నాకు కుదరదు. ఇది తెలుసుకోవడానికి నేను ఇంత దూరం రావాల్సి వచ్చింది.

తర్వాత ఇద్దరం కలిసి నా సీటు పని పట్టాం. స్టీరింగ్ కింద ఉన్న మీట విప్పి ఆవిడ దాన్ని పైకి లేపింది. సీటు పక్కనున్న పిడిని నేను పంపు కొట్టినట్టు కొడుతూ సీటుని పైపైకి తీసుకెళ్లాను. నేనెప్పుడూ సీటుని కిందికే దించేదాన్ని. కిందికి దించితే మనిషి తక్కువ కనిపిస్తుందని ఒక వెర్రి ఆలోచన. పైకి లేపేసరికి కాళ్లు ముందుకి చాచనక్కర్లేకుండా కిందికి దిగాయి. దాంతో సీటుని నాలుగు వేళ్లు వెనక్కి జరపగలిగాను. పొట్టకీ స్టీరింగ్‌కీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు వచ్చింది. బకిల్ బయటికొచ్చి కనపడింది. బెల్టు ఒక్క లాగులో పడింది.

"ఇప్పుడు రాణీగారిలా ఉన్నారు" అంది సువార్తమ్మ గారు. "పదండి, ప్రార్థన అయిపోవస్తుంది."

ఆవిడ ముందు, నేను వెనక. వెనక సీట్లో ప్రభాకర్ ఒళ్లో పెరుగు పచ్చడి గిన్నె పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. ఆయన కాళ్ల దగ్గర పులావు గిన్నె. బండంతా యాలకులు, లవంగాలు, పుదీనా వాసన. ధాన్యం కుప్పలు తప్పించాలి, ఎదురొచ్చే గడ్డి ట్రాక్టర్లకి దారివ్వాలి, గతుకుల్లో మూతలు లేవకూడదు. ఒకచోట సువార్తమ్మ గారి బండి దాటిపోయాక నాకెదురుగా బస్సొచ్చింది. కరకట్ట మీద రెండు బండ్లు పట్టే జాగా లేదు. వెనక్కి వెళ్లి పక్కనున్న కాస్త వెడల్పులోకి జరగాలి. ఒక పక్క నది వైపు ఏటవాలు. మెడ తిప్పి చూస్తే మొదటిసారిగా నా మెడ నిజంగా తిరిగింది. ఎత్తులో కూర్చుని ఉన్నాను కదా, వెనక అద్దమంతా కనపడుతోంది.

"మెల్లిగా" అన్నారు ప్రభాకర్. మళ్లీ ఆయనే, "వస్తోంది, వస్తోంది, ఇంకో మూరెడు ఉంది" అంటూ తనకి కనిపించే కంటి వైపు నుంచి దారి చెప్పారు. బస్సు డ్రైవరు వెళ్తూ చెయ్యి ఊపాడు.

ఊళ్లోకి దిగే దారి నిటారుగా ఉంది. బ్రేకు మీద కాలు మోపాను. కాలి కింద పెడల్ ఉన్నట్టు స్పష్టంగా తెలిసింది. బండి మెల్లగా దిగింది. చర్చిలో ఆఖరి పాట వినిపిస్తోంది. మేం గిన్నెలు దింపుతుండగా జనం బయటికి వచ్చారు.

సంఘ పెద్ద ఒకాయన వచ్చి ప్రభాకర్ చేతులు పట్టుకుని, "సమయానికి తెచ్చారు డ్రైవర్ గారూ, రండి, కాళ్లూ చేతులూ కడుక్కోండి" అన్నారు.

"డ్రైవర్ ఆవిడండీ" అన్నారు ప్రభాకర్. చొక్కా ముందంతా పెరుగు ఒలికి ఉంది. "నేను గిన్నె పట్టుకునేవాణ్ణి."

షామియానా కింద అందరూ నేల మీద వరసగా కూర్చున్నారు. సువార్తమ్మ గారు నాకు మాత్రం ఒక చెక్క బల్ల వేయించి, తనూ పక్కనే కూర్చుంది. పులావులోకి కోడికూర, గోంగూర పచ్చడి, చివర గారెలు. మా వైపు విందుల్లో ఓళిగ, అంటే మీ బొబ్బట్టు, లేకపోతే విందే కాదు, ఇక్కడ గారె లేకపోతే కాదు. తింటూ ఆవిడ చెప్పింది: "నేను ఈ బండి కొన్నప్పుడు షోరూములో పొద్దున కూర్చుని చూశానమ్మా. బానే ఉంది. మళ్లీ మధ్యాహ్నం భోంచేసి వెళ్లి కూర్చున్నా. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఆకలితో ఉన్నప్పుడు ఏ సీటైనా పడుతుంది."

మేం గిన్నెలు మోసినందుకు ఆవిడ ఏదో ఇవ్వబోతే వద్దన్నాం. గారెల పొట్లం మాత్రం వద్దనలేకపోయాం. తృప్తిగా భోంచేసి, ఆవిడ చెప్పినట్టే, మళ్లీ ఎక్కి కూర్చున్నాను. సందు తగ్గింది గానీ ఉంది.

పులిగడ్డ నుంచి వెనక్కి

ప్రభాకర్ చూడాలనుకున్న పులిగడ్డ అక్విడక్ట్‌కి వెళ్లేసరికి ఎండ వాలింది. నది మీదుగా కాలువని తీసుకెళ్లే కట్టడం అది. నీళ్ల కింద నీళ్లు. ఆయన గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. "ఇలాంటివి ఎన్ని గీశానో" అన్నారు. తర్వాత నా వైపు తిరక్కుండానే, "డ్రైవర్ మాట నిన్న అన్నానే, అది నీ కాలు చూసి కాదు. నా భయం చూసుకుని. ఆ మాట వదిలేద్దాం" అన్నారు.

"సరే" అన్నాను.

మీలో ఎవరైనా నాలాంటి ఒళ్లుండి బండి చూడటానికి వెళ్తుంటే, వీధి చివరి దాకా నడిపి సంతకం పెట్టకండి. ఖరీదైన రకం అనగానే సీటు మంచిదనుకోకండి. సీటు ఎత్తు పెంచి చూడండి, స్టీరింగ్ లేపి చూడండి. నీలం బండిలోనూ లోపాలున్నాయి. ముందు సీట్ల మధ్యనున్న డబ్బా అంచు నా ఎడం మోకాలికి తగులుతూనే ఉంటుంది. అయినా దాన్నే తీసుకుందామని ఆ గట్టు మీదే ఇద్దరం అనుకున్నాం. ఈ రెండు రోజుల్లో నాకు తెలిసింది ఇంతే.

తిరుగు దారిలో చీకటి పడుతుండగా నది మీద మంచు లేచింది. కరకట్ట కింద ఊళ్లలో చర్చిల మీద రంగు కాగితాల నక్షత్రాలు వెలిగాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజను ఆగిపోయి మోటారు మీదే సాగుతుంది బండి. అప్పుడు టైరు కింద ఇసుక నలిగే చప్పుడు కూడా వినపడుతుంది. ఒకచోట ప్రభాకర్‌ని ఏదో అడిగితే పలకలేదు. చూస్తే ఆయన చెయ్యి ఒళ్లో ఉంది, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు.

గవర్నర్‌పేట లాడ్జీ ముందు బండి ఆపాను. ఏ బండి నడిపినా ఆపగానే తలుపు తీసి దిగిపోవడం నాకు అలవాటు. ఒళ్లు అక్కడుండనివ్వదు. ఆ సాయంత్రం తలుపు మీద చెయ్యి వేసి కూడా తియ్యలేదు. దుకాణాలు షట్టర్లు దించుతున్నారు. ఆయన నిద్ర చెడకూడదని కొంత, నాకే దిగాలనిపించక కొంత, అలాగే వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.